ఊదినా పోని గాలి

పొద్దున్నే మూడు లీటర్ల పిచికారీతో
ఇస్తాంబుల్ గాలిని యంత్రంలోకి నెట్టి
దానిచేత మూడు అనిపిస్తాను.
అబద్ధమాడదని నమ్మకం కుదిరాకే
తలుపు తీస్తాను.

ఇవాళ మొదటి పేరు జుల్కుఫ్. బింగోల్ కొండలవాడు.
ఇరవై తొమ్మిదేళ్లు.
లిఫ్టులోనే వచ్చినా
కుర్చీ వీపు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.
నేను కాగితాలు సర్దుతున్నట్టు నటించాను.

గాజు పెట్టెను చూసి నవ్వాడు.
"మా షెడ్డు కిటికీలకు అట్టలు కొట్టేశారక్కా,
దుమ్ము వీధిన పడితే పోలీసులొస్తారని.
రాత్రుళ్లు పడుకున్నదీ అందులోనే.
ఇది నయం, నువ్వు కనిపిస్తున్నావు."

ముక్కుకు క్లిప్పు. గొట్టం చుట్టూ పెదాలు.
పంటినొప్పి పిల్లాడిలా
రెండు బుగ్గలూ పట్టుకోమన్నాను.
లోపలి వేడి సర్దుకునేదాకా
గాజుకు చెరోవైపు ఊరుకున్నాం.

మామూలుగా తీయి, వదులు. తీయి, వదులు.
ఇప్పుడు మూత పడుతుంది, భయపడకు.
గాలి రాదు. అయినా
కుక్కపిల్ల రొప్పినట్టు మెల్లగా లాగు, నెట్టు.

టక్.

రాని గాలి కోసం ఛాతీ పొంగుతుంది.
అది పొంగినంత మేరా
పెట్టెలో గాలి ఇరుకున పడుతుంది.
నేను కొలిచేది ఆ ఇరుకునే, అతన్ని కాదు.
ఎంత ఊదినా బయటికి రాని గాలి ఒకటుంటుంది లోపల,
కొవ్వొత్తినైనా ఆర్పనిది, కేకలోకైనా రానిది.
తన లెక్క తాను ఏ గొట్టానికీ చెప్పదు.
చుట్టూ ఉన్నది ఎంత నలిగిందో చూసి
పోల్చుకోవాలి.

మూడోసారి గాజు మీద తట్టాడు. తెరిచాను.

దగ్గు తెరిపిచ్చాక అతని చూపు
నా తెల్లకోటు కింద, జీన్స్ మోకాలి దగ్గర ఆగింది.
"చేత్తో కొట్టిందే ఇది. ఇసక గొట్టం
ఎడమ నుంచి తిప్పాడు చూడు,
అంచు దగ్గర చెయ్యి వణికింది.
నేను కాదులే, నేనింకా బాగా కొట్టేవాణ్ణి.
రోజుకు నాలుగొందలు పాతబెట్టేవాళ్లం.
కొత్తవి ఎవరికీ నచ్చవు కదా."

ఆ తెల్లమరక చూసే కొన్నాను దీన్ని, పోయిన నెల,
కొంచెం ఎక్కువిచ్చి.

ఆ ఎత్తుకి, ఆ వయసుకి ఉండాల్సింది ఆరున్నర లీటర్లు.
వచ్చింది మూడు పాయింట్ ఏడు.
"ఎంత?" అన్నాడు.
డాక్టరు చెబుతారన్నాను.
ఆ మాట అనడానికీ గాలి కావాలి,
నా దగ్గర ఉంది.

అతను వెళ్లాక గాజు మీద
నాలుగు వేళ్ల గుర్తులు, నోటి ఎత్తున కాస్త ఆవిరి.
తుడవాలి.
తర్వాతి కాగితం మీద అదే ఊరు, అదే ఇంటిపేరు.
వయసు ఇరవై ఆరు.