పెన్సిల్ పద్దు

ఐసు ఫ్యాక్టరీలో పగలంతా దిమ్మల లెక్క రాస్తాను.
రాత్రి అదే పుస్తకం తిరగేసి, వెనక నుంచి,
కబడ్డీ జట్టు పద్దు.
ముందు నుంచి ఐసు, వెనక నుంచి మనుషులు.
రెండూ కరిగేవే. మధ్యలో ఏదో పేజీలో కలుసుకుంటాయి.

మా జట్టుకి డబ్బు లేదు. మొదటి పేజీ అదే.
గాజువాక వాళ్ళకి ఏసీ బస్సు, నీలం మ్యాటు,
మోకాలికో డాక్టరు.
మాకు ఫిషింగ్ హార్బర్ గోడ పక్కన ఇసక,
పాత వలతాడుతో వేసిన హద్దు గీత,
మోకాలు వాస్తే మాత్రం ఐసు
ఎంత కావాలంటే అంత.

కాబట్టి అమ్ముతాం.
తెల్లారకముందే రేవులో పాట మొదలవుతుంది కదా,
గొంతులో రాగం లేకపోయినా దాన్ని పాటే అంటారు,
వంజరాన్ని తోక పట్టి ఎత్తి చూపిస్తారు.
మేం అలా కాదనుకుంటాం. అలాగే.

అరిజిల్లి నూకరాజుని అలాగే ఇచ్చేశాం.
మూడేళ్ళు మా ఇసక మీద కూత పెట్టినవాడు.
వాడు గీత దాటితే
బోట్ల మీద కాకులు కూడా ఊపిరి బిగబట్టేవి.
ఉంటే ఇంకో ఏడు మూడో స్థానం,
ఆ పైన ఒప్పందం తీరి వట్టినే పోతాడు.
కోచ్ పోలారావు బీడీ ఆర్పి అన్నాడు:
"సరుకు మెరుస్తున్నప్పుడే పాట పెట్టాల.
మద్దేనానికి కన్ను తెల్లబడిపోద్ది."

బదులు వచ్చినవి రాసుకున్నాను:
సగం మ్యాటు, ఒక మూల చిరుగు.
రెండు నెలల అద్దె.
వచ్చే సెలక్షన్లలో మొదటి పిలుపు.
పదిహేడేళ్ళ గుంటలు ఇద్దరు, పేర్లు
పెన్సిల్‌తో.

నూకరాజు తల్లి ఎర్రయ్యమ్మ ఐసుకొచ్చి
దిమ్మ గోనెలో చుట్టుకుని, చిల్లర లెక్కపెట్టుకుని,
"ఎంతకిచ్చినారే నా కొడుకుని?" అంది.
కోపం కాదు. ధర తెలుసుకుందామని.
చెప్పాను.
"నెత్తళ్ళ రేటుకిచ్చినారు" అని నవ్వి పోయింది.
ఆ రాత్రి కూడిక మూడుసార్లు తప్పింది.

ఏప్రిల్ మధ్యలో వేట బందు.
అరవై ఒక్క రోజులు బోట్లన్నీ ఒడ్డునే,
ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ.
లోపలెక్కడో, ఎవరూ చూడకుండా,
గుడ్లు పిల్లలవుతుంటాయి.
మా గుంటల్లో ఒకడు నెలకే పారిపోయాడు,
హోటల్లో పని దొరికిందట.
రబ్బరుతో చెరిపాను. కాగితం మీద అచ్చు మిగిలింది.
రెండోవాడు వంతాల సోమన్న, పాడేరు పైనుంచి,
సముద్రం చూసి రెండు రోజులు అన్నం ముట్టలేదు.
ఆ ఏడు పద్నాలుగు ఆడి పదకొండు ఓడాం.
"జట్టుని ఐసులో పెట్టేసినార్రా" అన్నారు టీకొట్టు దగ్గర.
నిజమే. పాడవకుండా ఉండాలంటే
ఇంకెక్కడ పెడతారు?

రెండో ఏడు, రైల్వే గ్రౌండ్లో, లైట్ల కింద,
నూకరాజు ఎదుటివైపు నుంచి కూతకొచ్చాడు.
అదే కూత. మా గోడకి తగిలి తిరిగొచ్చే కూత.
స్కోరు బల్ల దగ్గర నా పెదాలు వాటంతటవే కదిలాయి.
సోమన్న మూలలోంచి కదల్లేదు,
కొండవాలున తప్పిపోబోయే మేకని చూసేవాడిలా
చూపంతా మడమ మీద.
తర్వాత దుమ్ము.
దుమ్ములో కూత తెగింది.

ఒక్క పాయింటుతో ఓడిపోయాం, అది వేరే సంగతి.
నూకరాజు లేచి, సోమన్న జుట్టులో మట్టి దులిపి,
నన్నడిగాడు: "నా బదులొచ్చినోడు ఈడేనా?"
"సగం వీడు," అన్నాను. "మిగతా సగం మ్యాటు."

గాజువాక మేనేజరు, ఇస్త్రీ నలగని చొక్కా,
నీళ్ళ సీసా అందిస్తూ, మాటవరసకన్నట్టు:
"ఆ కార్నర్ కుర్రాడి ఒప్పందం ఎప్పటిదాకా?"

పోలారావు నా వైపు చూశాడు.
పుస్తకం తెరిచాను, వెనక నుంచి.
సోమన్న పేరు ఇంకా పెన్సిల్‌లోనే ఉంది.
పెన్ను అడిగాను, ఎవరో ఇచ్చారు కూడా.
మూత తీయలేదు.