మూడు శీర్షికలు

పర్లాకిమిడి బజారులో జిరాక్సు కొట్టు కుర్రాడు
నా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి
"ఏది పైవైపు, ఆజ్ఞా?" అన్నాడు.
వాడిదీ గుండ్రటి లిపే, నాదీ గుండ్రటి లిపే.
మధ్యలో మహేంద్రతనయ పాయంత ఎడం.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ వార్తల కాగితం నేనే రాస్తున్నాను.
మొదట్లో స్టెన్సిల్ కోసి, సిరా రోలరు తిప్పి
రెండొందల పది ప్రతులు.
ఇప్పుడు చేతిరాతే. అరవై చాలు.
మా వేదాంత పాఠశాల గిడ్డంగి అయింది,
చాపెల్లో జీడిపిక్కల బస్తాలు.
గంట మాత్రం ఉంది,
దాని నాలుక ఎవరో పట్టుకుపోయారు.

శీర్షికలు మూడే, మా ప్రిన్సిపాలు అయ్యగారు పెట్టినవి:
సేవలో ఉన్నవారు.
విశ్రాంతిలో ఉన్నవారు.
ప్రభువునందు నిద్రించినవారు.

బెండి ఫిలేమోను గుణుపురం సంఘాన్ని అప్పగించి
రాయగడలో కూతురి దగ్గరుంటున్నాడు.
చెవులు వినపడవు, ప్రసంగం మాత్రం తగ్గలేదు.
దుంపల తబితమ్మ, మా బ్యాచికి ఒక్కతే ఆడపిల్ల,
హీబ్రూలో మా అందరి చెవులూ మెలిపెట్టిన మనిషి,
కాశీనగరంలో మోకాలికి ఆపరేషను చేయించుకుంది.
ప్రార్థించమని కాదు, ఊరగాయ పంపమని రాసింది.
ఎనోసు రైకా
సెరంగో కొండమీద సవర భాషలో పాటలు కడుతూ కడుతూ
మాఘంలో నిద్రించాడు.
వాళ్లబ్బాయి ఒడియాలో కార్డు రాశాడు,
పక్కింటి మాస్టారు చదివిపెట్టాడు.
ఈ కాగితం అక్కడికి చేరితే
వాళ్లకీ ఎవరో చదివిపెట్టాలి.
ఒకరి చావు ఒకరికి
అద్దె గొంతుల్లో చెప్పుకుంటున్నాం.

ఇక ఓబేదు.
పిన్నింటి ఓబేదు, నా గదిలో రెండో మంచం.
గ్రీకు మూడుసార్లు తప్పాడు.
ఒమేగా రాయమంటే ఎద్దు తలకాయ గీసేవాడు.
మేం నవ్వేం. ముందు నేనే నవ్వేను.
మెస్సు బావి గిలక కిర్రుమంటే
పాఠం మధ్యలో లేచిపోయి నూనె రాసి వచ్చేవాడు,
అయ్యగారు దానికీ సున్నా వేశారు.
ఒక ఆదివారం తెల్లారకుండానే
ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని
నౌపడా చిన్నబండి ఎక్కేశాడు,
మెస్సు బాకీ పదకొండు రూపాయలు
నా తలగడ కింద పెట్టి.

ప్రతి ఏడూ రాశాను: ఓబేదు, వార్త లేదు.
మూడు శీర్షికలకీ బయట, అంచులో, పెన్సిలుతో.

మొన్న ఎనోసు సమాధి చూడ్డానికి కొండెక్కాను.
దాహమేసి బోరింగు కొట్టబోతే
పిడిమీద వెల్డింగు మచ్చ.
మచ్చ కాదు, ఎద్దు తలకాయ.
నీళ్లకొచ్చిన ముసలమ్మ సవరా తెలుగూ కలిపి చెప్పింది:
"అది బోరింగు బాబు గుర్తు.
కిందూర్లోదీ అదే, మీదూర్లోదీ అదే.
వాషరు పోయిందంటే సైకిలేసుకొచ్చేవోడు.
తుఫానేడు నడిచొచ్చేడు, సైకిలు కొట్టుకుపోయి.
మా ఇంట్ల అంబలి తాగేవోడు.
ఒక్కనాడూ వాక్యం చెప్పలేదు."
"ఇప్పుడెక్కడున్నాడు?"
ఆవిడ బిందె చంకకెత్తుకుంది.
"రావట్లేదు మరి. రెండేళ్లయింది."

రావట్లేదంటే ఏ శీర్షిక?
ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.
దిగుతూ ఎనిమిది పిడులు లెక్కపెట్టాను.
ఒక్కదానిమీద అక్షరం సరిగ్గా కుదిరింది,
అయ్యగారు చూస్తే పాసు చేసేవారు.
తక్కినవన్నీ ఎద్దులే.
అన్నిట్లోనూ నీళ్లొచ్చాయి.

కుర్రాడు ఇంకా కాగితం పట్టుకునే ఉన్నాడు.
ఆగమని పెన్ను తీశాను.
మొదటి శీర్షిక కింద, ఎనోసు ఖాళీచేసిన వరుసలో
పిన్నింటి ఓబేదు అని రాసి
ఊరి పేరు దగ్గర ఆగిపోయాను.
పదకొండు రూపాయల సంగతి రాయలేదు.
"ఇటువైపు పైకి" అన్నాను.
"అరవై ఒకటి తియ్యి."