సరుగుడు తోట, పది చక్రాలు

మాధవరం లారీ స్టాండులో
వాన వెలిసిన రాత్రి
పదకొండు లక్షల బండి ఒకటి
నా వైపే చూస్తూ నిలబడింది.
పది చక్రాలు. ముందు రెండు కొత్తవి,
వెనకవన్నీ రీట్రెడ్డు.
అద్దం పైన పాత ఓనరు పేరు గీకేసిన చోటు
ఖాళీగా, నీలంగా.

ఆ ఖాళీలో అప్పటికే రాసేసుకున్నాను
చెంగయ్య అని,
సున్న కొంచెం పెద్దదిగా.

హెవీ లైసెన్సు చేతికొచ్చి పదకొండు నెలలు.
మణలి గోడౌన్లలోకి రివర్సు తీయాలంటే
ఇంకా అరచేతులు చెమ్మగిల్లుతాయి.
అయినా బ్రోకరు దొరైక్కన్ను
"ఓనర్ తంబీ" అన్నాడు.
ఆ రెండు మాటలకే
వాకాడు పక్క మా ఇసక నేలలో
రెండెకరాల సరుగుడు తోట
నా లోపల సగం నరికేసినట్టయింది.

మూడున్నర లక్షలు తోట మీద,
మిగతాది ఫైనాన్సు.
ముప్ఫై ఆరు కంతులు, కంతుకి ఇరవై ఏడు వేలు.
సిగరెట్టు అట్ట మీద లెక్క రాసి
పెంచలయ్య మామకి చూపించాను.

మామ అట్ట తిప్పి
వెనక వైపు కూడా చూశాడు.
"డీజిలేది ఇందులో?" అన్నాడు.
"టైరు పేలితే? ఎఫ్‌సీ? ఇన్సూరెన్సు?
ఎన్నూరు హార్బరు గేటు ముందు
మూడ్రోజులు క్యూలో ఇరుక్కుంటే
ఆ మూడ్రోజులూ ఏ అట్ట మీద రాస్తావు?
నిలబడ్డ బండి కూడా తింటూనే ఉంటుందబ్బయ్యా."

నీకేం తెలుసు మామా, అన్నాను.
ముప్ఫై ఏళ్ళు ఎవరి బండికో స్టీరింగు తిప్పావు.
రాత్రి రెండింటికి ఓనరు ఫోను చేస్తే
లుంగీ సర్దుకుంటూ లేస్తావు.
బత్తాలో రెండొందలు కోస్తే
మడిచి జేబులో పెట్టుకుంటావు.

అనకూడదు. అనేశాక తెలిసింది.

మామ బీడీ చెప్పు కింద ఆర్పి
బురదలో బండ్ల వరస వెంట
నన్ను చివరిదాకా నడిపించాడు.
సేలం బండి, ఎవరిదో.
టెయిల్ బోర్డుకి పచ్చ రంగు,
పచ్చ కింద ఇంకేదో రంగు.
ఫోను లైటు వాలుగా పడితే
అక్షరాలు ఉబ్బెత్తుగా లేచాయి,
తెలుగులో:
సుభాషిణి.

మామ కూతురు.

"పంతొమ్మిది కంతులు కట్టాను.
ఇరవయ్యోది ఇంజను మింగింది."
అంతే అన్నాడు.
బోర్డు గొలుసు వదులుగా వేలాడుతుంటే
పక్క కొక్కేనికి లాగి బిగించాడు,
తనది కాకపోయినా.

తిరిగొస్తుంటే, నా మొహం చూడకుండా:
"కొనొద్దనట్లేదురా.
ముందు ఇంకొకడి క్లచ్ ప్లేటు మీద నేర్చుకో.
ఘాటులో ఏ గేరు ఎంత తాగుతుందో,
ఏ పార్టీ చెక్కు వెనక్కొస్తుందో,
తంబీ అన్నవాడు ఎంత కమీషను కోస్తాడో.
ఆ చదువుకి ఫీజు ఓనరు కడతాడు.
కట్టనీ."

తెల్లారి అమ్మకి ఫోను చేశాను.
పేపరు మిల్లు వాళ్ళు ఆదివారం
రంపాలతో వస్తామన్నారంట.
ఇంకో ఏడాది ఆగమను, అన్నాను.
అవతల కాసేపు కోళ్ళ చప్పుడు.
"సరేలే, నిలబెడితే లావెక్కుతాయి"
అని పెట్టేసింది.

మధ్యాహ్నానికి నీలం బండి అమ్ముడైపోయింది.
తిరువళ్ళూరు కుర్రాడట,
నాకంటే చిన్నవాడిలా ఉన్నాడు.
పెయింటరు నిచ్చెనెక్కి
ఖాళీ చోట తమిళంలో
ఒక్కో అక్షరం దింపుతున్నాడు.
నాకు చదవడం రాదు.
అయినా చివరి అక్షరం ఆరేదాకా
అక్కడే ఉన్నాను.
ఆ కుర్రాడు నాకూ ఒక లడ్డు ఇచ్చాడు.

లడ్డు చేతిలో ఉండగానే ఓనరు ఫోను:
పద్దెనిమిది టన్నులు, మణలి,
సందులోంచి రివర్సు తీయాలి.
వస్తున్నానన్నాను.
అరచేతులు లుంగీకి తుడుచుకున్నాను.