ఫుల్ టికెట్టు

పిల్లల వయసు నన్నడగండి, చెబుతాను.
పన్నెండేళ్లుగా సిటీ బస్సులో కండక్టర్ని.
"ఇంకా పన్నెండు నిండలేదమ్మా" అని తల్లి అంటూండగానే
వెనకాల పిల్లాడు మోకాళ్లు వంచి పొట్టివాడైపోతాడు.
కొందరికి హాఫే కొడతాను.
కొందరికి కొట్టను,
అది ఆ పూట ఎండని బట్టి.

ఈమధ్య ఆడవాళ్లకి సున్నా టికెట్టు,
ఆడపిల్ల వయసు అడిగే పనే లేదు.
అయినా కంటికి అలవాటు పోదు,
ఎక్కిన ప్రతి పిల్లనీ
రాడ్డు పక్కన నిలబెట్టి కొలుస్తూనే ఉంటుంది.

అలాంటిదాన్ని,
బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టతను
"పాప ఎంత పొడుగుంటుందండీ?" అంటే
చెయ్యి గాల్లోకి లేపి
భుజం దగ్గర ఆపి
కాదనుకుని చెవి దాకా తెచ్చి
అక్కడే ఉండిపోయాను.

మా రూతక్క పెద్దకూతురు కెజియాకి
ఆదివారానికి పదమూడు.
ఫుల్ టికెట్టయి అప్పుడే ఏడాది,
ఇంట్లో ఇంకా ఎవరూ కొట్టలేదు.

కిందటేడు గులాబీరంగు గౌను పట్టుకెళ్లాను.
"థాంక్స్... పిన్నీ" అంది.
ఆ రెండు మాటలకీ మధ్య ఒక స్టాపు దూరం.
క్రిస్మస్‌కి చూస్తే గౌను చెల్లెలి ఒంటిమీద ఉంది.
దానికి బాగానే ఉంది.

వాచీ చూశాను.
దాని రోజుని ఇప్పటికే గంటల లెక్కన కోసి
స్కూలుకింత ట్యూషనుకింత పంచేశారు,
మళ్లీ నేనూ ఒక ముల్లు కొనివ్వడమెందుకు?
లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలాయన
"ఐఐటీ ఫౌండేషన్ ఉంది మేడమ్, గీత కూడా పడలేదు" అన్నాడు.
పుట్టినరోజు పూట పగవాడికైనా ఇస్తామా అది!
అక్కకి ఫోన్ చేస్తే
"డబ్బులివ్వవే, ఫీజులో కలుస్తాయి" అంది.

గాజుల కొట్టు ముందు నిలబడ్డప్పుడు
మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది.
కృష్ణలంకలో వాళ్లిల్లు,
ఒక గది, ఒక వసారా, ఐదుగురు.
బీరువాలో కింది అరలో సగం కెజియాది,
మిగతా సగం బియ్యం సంచిది.
మెట్టు మీద కూర్చుని ఏదో రాసుకుంటోంది.
నన్ను చూసి కాయితం మడిచింది,
నాలుగు మడతలు, ఎనిమిది మడతలు,
ఎక్కడ పెట్టాలా అని ఇల్లంతా ఒకసారి చూసింది.
ఇల్లంతా చూడ్డానికి ఎంతసేపు పడుతుంది?
చివరికి గుప్పిట్లోనే ఉంచుకుంది.
అన్నం తిన్నంతసేపూ
కుడిచెయ్యి కలుపుతూ, ఎడమచెయ్యి మూసే ఉంది.
నేను చూడనట్టే ఇంకాస్త పప్పు అడిగాను.

గాజుల కొట్టు వదిలేసి వన్‌టౌన్‌కి నడిచాను.
రేకుపెట్టెల సందు,
సుత్తి దెబ్బలకి మాట వినపడదు.
మూరెడు పెట్టె, ఆకుపచ్చ రంగు,
ఇంకా వాసనైనా ఆరలేదు.
చిన్న ఇత్తడి తాళం బేరమాడకుండా తీసుకున్నాను.
"రెండు చెవులమ్మా,
ఒకటి పాపకిచ్చి ఒకటి తల్లిదగ్గర ఉంచండి"
అన్నాడు కొట్టాయన,
ముగ్గురు పిల్లల తండ్రినని కూడా చెప్పాడు.

ఆదివారం. ప్రార్థనయింది, కేకు కోశారు.
"రేకుపెట్టేంటే, దీన్నేమన్నా హాస్టల్లో వేస్తున్నామా?" అంది అక్క.
కెజియా మూత తీసి లోపలికి చూసింది.
"ఏం లేదు పిన్నీ ఇందులో."
"అవును, లేదు."
ఒక తాళంచెవి దాని చేతిలో పెట్టాను,
రెండోదీ పెట్టాను.
అక్క అలవాటుగా చెయ్యి చాపింది,
"ఒకటిటివ్వు, పారేస్తది."
నాకు డ్యూటీ గొంతు వచ్చేసింది.
"కుదరదక్కా,
ఎవరి టికెట్టు వాళ్లదగ్గరే ఉండాలి."
బావ నవ్వాడు. అక్క నవ్వలేదు.
కెజియా గుప్పిట మూసింది.

వెళ్లేటప్పుడు
గుమ్మం దాకా వచ్చి నా పక్కన నిలబడింది.
నా కనుబొమ్మ దాకా వచ్చేసింది పిల్ల.
ఆ బట్టల కొట్టతనికి చెప్పాలి.