తాపీ

బల్లారట్‌లో జూన్ నెల, పొద్దున ఏడైనా చీకటి వదలదు.
రాత్రి ఇటుకల మీద కప్పిన గోనెపట్టాలు
మంచుకి అప్పడాల్లా పెళుసెక్కి ఉంటాయి.
వాటిని దులిపి, మడిచి,
మాలు కలిపే మిషన్ ఆన్ చేసి
దాని మోటారు మీదే చేతులు వెచ్చబెట్టుకుంటాను.

ఎంబీయే చదివాను. హెచ్చార్‌లో నాలుగేళ్ళు
మనుషుల్ని వరసల్లో పేర్చాను.
ఇప్పుడు ఇటుకల్ని.
ఇవి నయం, పెట్టినచోట ఉంటాయి.

ఎవరిదో పుట్టినరోజు భోజనాల్లో
"మీరేం చేస్తుంటారు?" అంటే చెప్పాను.
"అంటే, ఆర్కిటెక్టా?" అందొకావిడ ఆశగా.
"కాదండీ, తాపీపని."
గులాబ్‌జామూన్ తెచ్చుకుంటానని లేచి
ఇంకో టేబుల్ దగ్గర కూర్చుందావిడ.

ఆవిణ్ణేమనను?
వనస్థలిపురంలో మా ఇల్లు లేస్తున్నప్పుడు
ఆదెయ్య మేస్త్రి టీ గ్లాసు
ప్రహరీ మీద బోర్లించి ఉండేది.
గోడలన్నీ ఆయన కట్టినవే,
గ్లాసు మాత్రం ఒక్కసారీ లోపలికి రాలేదు.
గృహప్రవేశం నాడు అందరూ తిన్నాక
గేటు దగ్గర ఆయనకి విస్తరి వేసింది నేనే.
పన్నెండేళ్ళదాన్ని.
నీళ్ళు ఎత్తునుంచి పోశాను, చెయ్యి తగలకుండా.

ఆయన దగ్గర మాలు మోసిన లింగమ్మకి
ఇరవై ఏళ్ళలో ఎవరూ తాపీ ఇవ్వలేదు.
నాకిచ్చింది డెస్మండ్, అరవైయేడేళ్ళవాడు, మాట పొదుపు.
నేను కట్టిన మొదటి మూడు వరసలకీ
రసమట్టం పెట్టి చూసి, బూటుకాలితో తోసేశాడు.
"మళ్ళీ," అన్నాడు. అంతే.
ఆ మాటకి నా వీసా తెలియదు, ఇంటిపేరు తెలియదు.
వరస వంకరొక్కటే తెలుసు.

పనిమంతుడు పందిరేస్తే
కుక్కతోక తగిలి కూలిందట!
ఎన్నేళ్ళుగా నవ్వుకుంటున్నాం.
నిలబడ్డ పందిళ్ళ మీద మాత్రం
ఒక్క సామెతా కట్టలేదు.

ఇవాళ బడి ప్రహరీ. ఏడో వరస.
హెల్మెట్ కింద, మొహానికి కట్టిన గుడ్డ వెనక
నేనెవరో ఎవరికీ తెలియదు.
ఫుట్‌పాత్ మీద ఒక తల్లి కొడుకుతో అంటోంది, తెలుగులో:
"చూశావా? లెక్కలు చెయ్యకపోతే
నువ్వూ ఇలాగే ఇటుకలు మోసుకోవాలి."

లెక్కలు!
సందుకి పది మిల్లీమీటర్లు పోగా
మూల తిరిగేచోట ఇటుక ఎంత కొట్టాలో
అదే వేసుకుంటున్నాను నోట్లో.
తప్పింది. మొదట్నుంచీ వెయ్యాలి.

తల తిప్పకుండానే అన్నాను:
"కాస్త అటు జరగండమ్మా, పచ్చి మాలు. బూట్లకి అంటుతుంది."

ఆమె మొహం నేను చూడలేదు.
రెండు అడుగులు గబగబా వెళ్ళిపోయాయి.
రెండు ఆగాయి.
పిల్లాడు ఒక్క వేలు పెట్టి
ఇటుకల మధ్య సందు వెంబడి గీసుకుంటూ నడిచాడు,
గోడ చివరిదాకా,
నేనప్పుడే నున్నచేసిన సందు.

పాడైంది.
డెస్మండ్ చూస్తే "మళ్ళీ" అంటాడు.
అనకముందే నింపుతున్నాను,
తాపీగా.