పలక మీద లెక్క

మా బ్లైనైలో వాన పడితే
కొండలు ఇనప్పెట్టెల్లా మెరుస్తాయి.
వంటింటి బల్ల మీద పలకరాతి ముక్క,
మొన్నటి గాలికి కప్పు మీంచి ఊడిపడింది.
దాని మీద సుద్దతో హెవిన్ లెక్క రాస్తున్నాడు,
ఎడమచేత్తో, ఎక్కాలు నేర్చే పిల్లాడిలా.

అప్పు లక్షా ఇరవై వేల పౌండ్లు.
చేతిలో ఇరవై ఎనిమిది వేలు.
చేతిలో, అని రాశాక ఇద్దరం ఆగాం.

గనివాళ్ళిచ్చిన పరిహారం అది.
కుడిచేతి చూపుడువేలికింత, నడిమివేలికింత అని
కాగితంలో విడివిడిగా ధర కట్టారు.
ఐదు వేళ్ళూ ఒకేలా ఉండవని
వినడమే గాని
ఎంత తేడానో అంకెల్లో చూడ్డం
నాకదే మొదలు.

పోర్త్‌మడోగ్ బ్యాంకులో టెగ్వెన్ ప్రాసర్
రెండు కాగితాలు మావైపు తిప్పింది.
ఒకటి ఆఫ్‌సెట్.
మీ డబ్బు అప్పు పక్కనే పడుకుంటుంది,
పైసా సంపాదించదు,
అది పడుకున్నంత మేరా అప్పు వడ్డీ అడగదు.
అవసరమైతే రేపే లేపి తెచ్చుకోవచ్చు.
రేటు ఐదుంపావు.
రెండోది ఐదేళ్ళకు కదలని వడ్డీ, నాలుగున్నర.
డబ్బు వేరే ఖాతాలో, తాళం వేసి,
నూటికి నాలుగు చొప్పున నెలనెలా తెస్తుంది.
పన్ను పోను కూడా రెండోదే లాభం,
నెలకు నలభై పైచిలుకు, అంది.
కాలిక్యులేటర్ మీద ఆమె వేళ్ళు చకచకా పోతున్నాయి.
చూడకూడదనుకుంటూనే లెక్కపెట్టాను. పది.

నాకు ఆఫ్‌సెట్ కావాలి.
ఆ డబ్బు నోరెత్తకుండా ఒక మూల పడుకోవాలి.
గాయం మీద వడ్డీ తినడమేమిటి?
అసలు కంటే వడ్డీ ముద్దంటారు,
అసలేమిటో ఒకసారి చూడు, అన్నాను,
బస్టాపులో, వానలో, అతని చెయ్యి పట్టుకుని.

హెవిన్ నవ్వాడు.
"వాటినా పడుకోబెట్టేది?
ఇరవై రెండేళ్ళు తెల్లారకముందే లేచినవి.
నిద్రపట్టదు వాటికి. పోనీ పనికి.
ఇద్దరు కూలీలనుకో."

బాయిలర్ పేలితే?
"చలేస్తుంది."
నీకు పని దొరక్కపోతే?
దానికి మాట్లాడలేదు.
బస్సెక్కాక, అద్దం వైపు తిరిగి:
"ఎప్పుడంటే అప్పుడు తీసుకోవచ్చంటే
నేను తీసేస్తాను, ఎలినెడ్."
నిరుడు ఫిబ్రవరిలో, కట్టు విప్పిన వారానికే,
ఎవరిదో చిల్లుల పడవకు బయానా ఇచ్చొచ్చాడు.
ఆ పడవ సంగతి మేమెత్తం.
నలభై పౌండ్ల కోసం కాదు, తాళం కోసం
రెండో కాగితం మీద సంతకం పెట్టాం.
అతని సంతకం బ్యాంకుకు రెండుసార్లు నచ్చలేదు,
పాతదానిలా లేదట.

ఒకటో తారీకున ఫోను మోగింది.
తొంభై మూడు పౌండ్లు.
"కూలీలు జీతం తెచ్చారు," అన్నాడు
టీలో చక్కెర కలుపుకుంటూ.
నాకు నవ్వు రాలేదు. తర్వాత వచ్చింది,
గిన్నెలు కడుగుతుంటే, ఒంటరిగా, కళ్ళనిండా.

అందులో పదకొండు పెట్టి ముదురు నీలం ఊలు కొన్నాను.
కుడిచేతి తొడుగు అల్లుతూ
ఆ రెండు వేళ్ళ దగ్గర మూసేయబోతే
పక్కనుంచి చూస్తున్నవాడు సూది ఆపాడు.
"పూర్తిగా అల్లు," అన్నాడు.
"కూలికి పోయినవాళ్ళు
చలికాలం ఇంటికొస్తే
ఎక్కడుంటారు?"