ఎరువు సొమ్ము

మా అమ్మలు చిందేసిన పాటలకు
కొత్త డ్రమ్ములు తొడిగి
పన్నెండేళ్లుగా ఊళ్లు తిరుగుతున్నాం.
లిమోజ్‌లో పెళ్లి, బ్రెస్ట్‌లో సూపర్‌మార్కెట్ ప్రారంభం,
ఒక్క వేసవి మాత్రం టీవీలో, వెండి బూట్లతో.
ఎరువు సొమ్ములే. మెడకి బాగానే నప్పాయి.

పారిస్ ఆఫీసులో ఎవరో అన్నారు:
"జనానికి తెలిసిందే కావాలి, మద్మజేల్."
ఒడీల్ తలూపింది.
ఆ ఊపే మా వ్యాన్‌కి డీజిల్.

మా సొంతపాట ఒకటుంది.
సౌండ్ చెక్‌లోనే పాడతాం,
మడత కుర్చీలకి.

నిన్న డంకెర్క్‌లో
నేల తుడుస్తున్న ముసలాయన
చీపురాపి పల్లవి అందుకున్నాడు.
రెండో చరణం దగ్గర తడబడి
"చిన్నప్పుడు రేడియోలో విన్నానే,
ఎవరిదమ్మా ఇది?" అన్నాడు.

ఎర్వాన్ బాస్ తీగ బిగిస్తున్నట్టు వంగాడు.
ఒడీల్ నా వంక చూసింది.

"పాతదేనండి," అంది.
ఎవరిదో చెప్పలేదు.